ఎరుపు, నీలం కలిపితే ఊదా రావట్లేదు. తప్పు కొలతలోనా, సీసాలోనా?

పొందూరు_పత్తి:

అన్నయ్యలకీ, మాస్టార్లకీ నమస్కారం. డ్రాయింగ్ లోయర్ పరీక్షకి తయారవుతున్నాను. పన్నెండు గళ్ల కలర్ వీల్ (రంగుల చక్రం) వేసి తెమ్మన్నారు. నా దగ్గరున్నది పోస్టర్ కలర్ పెట్టె. అందులో లెమన్ ఎల్లో, క్రోమ్ ఎల్లో, స్కార్లెట్, క్రిమ్సన్, అల్ట్రామెరైన్, ప్రష్యన్ బ్లూ, శాప్ గ్రీన్, ఎల్లో ఆకర్ (మట్టి పసుపు), బర్న్ట్ సియెన్నా (ఎర్రటి గోధుమ), బర్న్ట్ అంబర్ (ముదురు గోధుమ), నలుపు, తెలుపు ఉన్నాయి.

ఎరుపు, నీలం కలిస్తే ఊదా అని పుస్తకంలో ఉంది. స్కార్లెట్, ప్రష్యన్ బ్లూ సగం సగం కలిపితే నల్లటి గోధుమరంగు వచ్చింది. క్రోమ్ ఎల్లోలో అల్ట్రామెరైన్ వేస్తే ఆకుపచ్చ మాసిపోయినట్టుంది. పసుపుని కాస్త ముదురు చేద్దామని నలుపు వేస్తే అది ఆకుపచ్చలోకి తిరిగింది. పైగా తడిగా ఉన్నప్పుడు సరిపోయిన రంగు ఆరాక వేరేగా కనిపిస్తోంది. కొత్త సీసాలు కొనాలా, ఉన్నవాటితోనే అవుతుందా? ఇంకోటి, స్టిల్ లైఫ్‌లో (ఎదురుగా పెట్టిన వస్తువుల్ని చూసి వేసే బొమ్మలో) ఇత్తడి చెంబు పెడుతున్నారు. దానికి ఏ రంగులు కలపాలో కూడా చెప్పండి.

వంశధార_వాష్:

అమ్మా, తప్పు కొలతలోనూ ఉంది, సీసాలోనూ ఉంది. ఎక్కువ పాపం మాత్రం సీసాదే. అయినా కొత్తవేమీ కొననక్కర్లేదు, నీ పెట్టెలో కావలసినవన్నీ ఉన్నాయి. ఏ ఎరుపుని ఏ నీలంతో జత కట్టాలన్నదే తేల్చుకోవాలి.

పుస్తకంలో రాసిన 'ఎరుపు' ఏ షాపులోనూ దొరకదు. స్కార్లెట్ నారింజవైపు వాలిన ఎరుపు. క్రిమ్సన్ ఊదావైపు వాలిన ఎరుపు. అలాగే ప్రష్యన్ బ్లూ ఆకుపచ్చవైపు, అల్ట్రామెరైన్ ఊదావైపు వాలతాయి. లెమన్ ఎల్లో ఆకుపచ్చవైపు, క్రోమ్ ఎల్లో నారింజవైపు. ఈ వాలు సీసాలో చూస్తే తెలీదు. తెల్ల పింగాణీ పలక మీద ఒక్కొక్క రంగులో నాలుగింతలు తెలుపు కలిపి పక్కపక్కన పూసి చూడు. క్రిమ్సన్ చల్లటి, అంటే నీలంవైపు వాలిన, గులాబీ అవుతుంది, స్కార్లెట్ లేత నారింజ గులాబీ అవుతుంది. ప్రష్యన్ బ్లూ ఆకుపచ్చ తగిలిన ఆకాశనీలం అవుతుంది, అల్ట్రామెరైన్‌లో ఊదా జీర బయటపడుతుంది.

ఇక బురద ఎందుకొచ్చిందంటే: రంగుపొడి తనమీద పడ్డ తెల్లటి వెలుగులో కొంత మింగేసి మిగిలింది బయటికి వదుల్తుంది. రెండు పొడులు కలిపినప్పుడు, రెండూ మింగకుండా వదిలిన భాగమే కంటికి చేరుతుంది. స్కార్లెట్ ఎరుపు, నారింజ వెలుగుల్ని వదిలి నీలం, ఊదా, ఆకుపచ్చల్ని మింగుతుంది. ప్రష్యన్ బ్లూ నీలాన్నీ కొంత ఆకుపచ్చనీ వదిలి ఎరుపుని మింగుతుంది. రెండూ ఒప్పుకుని వదిలేది దాదాపు ఏమీ లేదు. అందుకే నలుపు. క్రిమ్సన్ అయితే ఎరుపుతోబాటు కాస్త నీలం, ఊదా కూడా వదుల్తుంది. అల్ట్రామెరైన్ కూడా ఊదాని వదుల్తుంది. ఆ రెండిటి ఉమ్మడి భాగమే నీకు కావలసిన ఊదా. ఇదే లెక్క ఆకుపచ్చకీ వర్తిస్తుంది. క్రోమ్ ఎల్లోలో ఎరుపు అంశ, అల్ట్రామెరైన్‌లో ఊదా అంశ ఉన్నాయి. రెండూ కలిసి ఆకుపచ్చని చంపేస్తాయి.

కాబట్టి జతలు ఇవి. ఊదాకి క్రిమ్సన్, అల్ట్రామెరైన్. ఆకుపచ్చకి లెమన్ ఎల్లో, ప్రష్యన్ బ్లూ. నారింజకి క్రోమ్ ఎల్లో, స్కార్లెట్. ఎప్పుడూ ఒకదానివైపు ఒకటి వాలినవాటినే కలపాలి. అలాగని నీకొచ్చిన మాసిన ఆకుపచ్చని పారబొయ్యకు. చెట్లకి అదే పనికొస్తుంది. వీల్‌లో మాత్రం వద్దు.

కొలత దగ్గరికొస్తే, సగం సగం అన్నమాట మర్చిపో. ప్రష్యన్ బ్లూ చాలా బలమైన రంగు, లెమన్ ఎల్లో బలహీనం. పలకలో పది చుక్కల లెమన్ ఎల్లో తీసుకుని, ప్రష్యన్ బ్లూ ఒక్క చుక్కతో మొదలుపెట్టు, చాలకపోతే ఇంకో అర చుక్క. ఎప్పుడూ లేత రంగులోకి ముదురు రంగుని వెయ్యాలి. తిరగేసి నీలంలోకి పసుపు పోస్తూ పోతే పసుపు సీసా ఖాళీ అవుతుంది గానీ రంగు రాదు. నారింజకి క్రోమ్ ఎల్లో నాలుగైదు చుక్కలకి స్కార్లెట్ ఒకటి. ఊదాకి క్రిమ్సన్, అల్ట్రామెరైన్ ఇంచుమించు సమానంగా మొదలుపెట్టి సర్దుకో. కంపెనీని బట్టి బలం మారుతుంది కాబట్టి ఇవి మొదలుపెట్టడానికే.

వీల్ గీయడం: ఏ4 సైజు మందపాటి కార్ట్రిడ్జ్ కాగితం, 200 జీఎస్ఎమ్‌కి తగ్గకుండా. పలచటి కాగితం తడికి ముడుచుకుని రంగంతా గుంటల్లోకి చేరుతుంది. కాంపస్ 9 సెం.మీ. తెరిచి వృత్తం గియ్యి. తెరిచిన కొలత మార్చకుండా అదే వృత్తం మీద అంచుకి అంచు గుర్తులు పెట్టుకుంటూ పోతే సరిగ్గా ఆరు గుర్తులొస్తాయి. వాటి మధ్యల్ని మళ్లీ సగం చేస్తే పన్నెండు, అంటే ఒక్కో గడికి 30 డిగ్రీలు. లోపల 6 సెం.మీ. వృత్తం ఇంకోటి గీసి, రెండు వృత్తాల మధ్య పట్టీలోనే రంగు నింపు. పైన 1వ గడిలో పసుపు, 5లో ఎరుపు, 9లో నీలం. 3లో నారింజ, 7లో ఊదా, 11లో ఆకుపచ్చ. సరి సంఖ్య గళ్లన్నీ పక్క రెండిటి మధ్య రంగులు.

ఇక్కడ ఒక చిక్కుంది. 1, 5, 9 గళ్లలో ఏ సీసా రంగు వెయ్యాలి? వాలిన రంగు వేస్తే వీల్ ఒక పక్కకి ఒరిగినట్టుంటుంది. పసుపు గడికి లెమన్, క్రోమ్ కలుపు. ఎరుపు గడికి క్రిమ్సన్, స్కార్లెట్ కలుపు. నీలం గడికి అల్ట్రామెరైన్‌లో ప్రష్యన్ కాస్తంత. నారింజ, ఊదా, ఆకుపచ్చలు మాత్రం పైన చెప్పిన జతలతోనే. వాటిని ఒక గడికి కావలసినదానికి మూడింతలు కలిపి పెట్టుకో. అటూ ఇటూ గళ్లు రెండూ అందులోంచే రావాలి, మధ్యలో అయిపోతే మళ్లీ అదే రంగు కలపడం ఎవరి తరమూ కాదు. పసుపు గడితో మొదలెట్టి ముదురువైపు వెళ్లు. బ్రష్ కడగడానికి ఒక గ్లాసు, రంగు పలచన చెయ్యడానికి వేరే గ్లాసు. ఈ రెండో గ్లాసు లేకపోవడంవల్లే సగం వీల్స్‌లో పసుపు మాసిపోతుంది.

ఊదా గడి ఆరాక నల్లగా కనిపిస్తే భయపడకు. అది సహజంగానే ముదురు రంగు. చూపించడానికి పదో వంతు తెలుపు వేసుకోవచ్చు.

బొబ్బిలి_బ్రష్:

పైన వంశధార మాస్టారు హ్యూ, అంటే ఏ రంగు అన్న సంగతంతా చెప్పేశారు. పిల్లలు మార్కులు పోగొట్టుకునేది ఎక్కువగా వాల్యూ దగ్గర, అంటే ఎంత లేత, ఎంత ముదురు అన్నదాని దగ్గర. రంగుని హ్యూ, వాల్యూ, క్రోమా (రంగు ఎంత గాఢం, ఎంత మాసింది అన్నది) అని మూడు కొలతలుగా విడదీసింది అమెరికన్ చిత్రకళ టీచరు ఆల్బర్ట్ మన్సెల్, 1905లో. ఎవరైనా 'రంగు సరిగ్గా రాలేదు' అంటే ఈ మూడిట్లో ఏది తప్పిందో అడగాలి. పదిసార్లలో ఏడెనిమిదిసార్లు వాల్యూ అనే తేలుతుంది.

ఆరాక రంగు మారడం పోస్టర్ కలర్ స్వభావం. ముదురు రంగులు ఆరాక కాస్త లేతబడతాయి, తెలుపు కలిపిన లేత రంగులు కాస్త ముదురవుతాయి. వాటర్ కలర్ మొత్తంగా లేతబడుతుంది, అక్రిలిక్ ముదురవుతుంది. దీనికి మందు లేదు, అలవాటే. అదే కాగితం ముక్క పక్కన పెట్టుకుని, కలిపిన ప్రతి రంగునీ ఒక గీత పూసి ఆరనిచ్చి అప్పుడే బొమ్మలోకి వెళ్లండి. వానాకాలంలో మన కోస్తా గాలికి ఆరడానికి పట్టే టైమ్ బాగా పెరుగుతుంది, తొందరపడి రెండో పూత వేస్తే కింది పూత లేచి కలిసిపోతుంది. పోస్టర్ కలర్‌లో ఉండేది జిగురు, ఆరినా నీళ్లు తగిలితే మళ్లీ కరుగుతుంది. అందుకే రెండో పూత ఒక్క బ్రష్ దెబ్బతో వేసి వదిలెయ్యాలి, రుద్దకూడదు. రంగు చిక్కదనం చిక్కటి మజ్జిగంత ఉంటే చాలు. అంతకంటే మందమైతే ఆరాక పగుళ్లిస్తుంది.

నలుపు వేస్తే పసుపు ఆకుపచ్చలోకి తిరగడం అందరికీ జరిగేదే. మామూలు నలుపు రంగులో నీలం జీర ఉంటుంది, అది పసుపుతో కలిసి ఆలివ్ అవుతుంది. పసుపుని ముదురు చెయ్యాలంటే ముందు ఎల్లో ఆకర్, తర్వాత కొంచెం బర్న్ట్ అంబర్. మరీ చీకటి నీడ కావాలంటే ఎదురు రంగు (వీల్‌లో సరిగ్గా ఎదురు గడిలోది) ఊదా ఒక్క చుక్క. ఎరుపుని ముదురు చెయ్యాలంటే క్రిమ్సన్‌లో బర్న్ట్ అంబర్ గానీ, ఆకుపచ్చ కొద్దిగా గానీ. నలుపు సీసా అసలు ముట్టుకోవద్దని కొందరు చెప్తారు. అది అతి. డిజైన్ పేపర్లో చదునైన నలుపు కావాలంటే అదే వాడాలి. స్టిల్ లైఫ్ నీడలకి మాత్రం అల్ట్రామెరైన్, బర్న్ట్ సియెన్నా కలిపిన నలుపు బాగుంటుంది. నీలం పెంచితే చల్లగా, సియెన్నా పెంచితే వెచ్చగా తిరుగుతుంది, తెలుపు కలిపితే మంచి బూడిదరంగులొస్తాయి.

తెలుపుతో కూడా ఒక పేచీ ఉంది. తెలుపు రంగుని లేత చెయ్యడమే కాదు, చల్లబరుస్తుంది కూడా. స్కార్లెట్‌లో తెలుపు వేస్తూ పోతే ఎండ తగిలిన ఎరుపు రాదు, గులాబీ వస్తుంది. దానికి క్రోమ్ ఎల్లో ఒక చుక్క జతచేయాలి.

గ్రే స్కేల్ ఒక్కసారైనా వేసి తీరాలి. 2 సెం.మీ. గళ్లు తొమ్మిది. 1 తెలుపు, 9 నలుపు. ముందు 5వ గడి సాధించండి. తెలుపు, నలుపు సమానంగా కలిపితే అది 5 కాదు, 7కో 8కో వెళ్లిపోతుంది, నలుపు బలం అంత. తెలుపులో నలుపు చుక్కచుక్కగా వేస్తూ మధ్య బూడిద పట్టుకోండి, తర్వాత 3, 7, ఆ తర్వాతే మిగతావి. అయ్యాక సెల్‌ఫోన్ కెమెరా బ్లాక్ అండ్ వైట్‌లో పెట్టి చూస్తే ఏ రెండు గళ్లు కలిసిపోయాయో తేలిపోతుంది. ఇదే కెమెరా పరీక్ష కలర్ వీల్ మీద చేస్తే పసుపు తెలుపు దగ్గరా, ఊదా నలుపు దగ్గరా నిలబడతాయి.

ఇక ఇత్తడి చెంబు. బుడితి చెంబో, ఇంట్లో చెంబో ఏదైనా సరే, బంగారు రంగు పొడి వాడొద్దు. మెరుపు రంగులో ఉండదు, లేతకీ ముదురుకీ మధ్య దూరంలో ఉంటుంది. ముందు కళ్లు సగం మూసి చూడండి, చెంబులో మూడు నాలుగు చదునైన మచ్చలు తేలతాయి. లోహం మీద ఆ మచ్చల అంచులు పదునుగా ఉంటాయి, మట్టికుండ మీదలా నెమ్మదిగా కరిగిపోవు. అంచు మెత్తగా రుద్దేస్తే ఇత్తడి కాస్తా పసుపు రబ్బరు అవుతుంది.

వెలుగు పడ్డ ఒంటికి ఎల్లో ఆకర్ మూడు, లెమన్ ఎల్లో ఒకటి, తెలుపు ఒకటి. నడిమి రంగుకి ఎల్లో ఆకర్ నాలుగు, బర్న్ట్ సియెన్నా ఒకటి. వెలుగుకీ నీడకీ మధ్య సన్నటి పట్టీలో ఇత్తడి కొంచెం ఆకుపచ్చగా తిరుగుతుంది. చాలామంది చూడనిది ఇదే. నడిమి రంగులో నలుపుగానీ ప్రష్యన్ బ్లూ గానీ బ్రష్ కొనతో తాకించండి, చాలు. (పసుపులో నలుపు చేసే పని ఇక్కడ మీకు అక్కరకొస్తుంది.) నీడకి బర్న్ట్ అంబర్ రెండు, అల్ట్రామెరైన్ ఒకటి. చెంబు మెడ కింద, పెదవి లోపల ఉండే గీత ఇంకా చీకటి, దాదాపు నలుపు. కింద ఎర్రగుడ్డ పరిస్తే చెంబు అడుగున ఆ ఎరుపు ప్రతిఫలిస్తుంది, అక్కడ బర్న్ట్ సియెన్నాలో స్కార్లెట్ కొంచెం. చివర్న కిటికీ మెరుపు, ఒకటో రెండో చోట్ల, దాదాపు శుద్ధ తెలుపు. మెరుపు పక్కనే ముదురు పెడితేనే మెరుస్తుంది. నాలుగైదు చోట్ల తెల్లచుక్కలు చల్లితే చెంబుకి సున్నం పడ్డట్టుంటుంది. రాగి చెంబైతే ఆకర్ బదులు బర్న్ట్ సియెన్నా, దానికి స్కార్లెట్ తోడు.

ఆఫ్‌సెట్_మిషన్:

ఎరుపు, పసుపు, నీలం ప్రైమరీలని (మూల రంగులని) ఇంకా ఎన్నాళ్లు నేర్పిస్తారో! ప్రెస్‌లో ఏ కాగితం చూసినా సియాన్ (ఆకుపచ్చ తగిలిన నీలం), మజెంటా (ఊదా తగిలిన ముదురు గులాబీ), ఎల్లో, బ్లాక్. ఎరుపు అంటే మజెంటా మీద ఎల్లో. నీలం అంటే సియాన్ మీద మజెంటా. ఎరుపూ నీలమూ కలుపుతూ వచ్చేవాళ్లు శుభ్రమైన ఊదా కోసం, గులాబీ కోసం తల బద్దలుకొట్టుకోవడం అందుకే. ఇంక్ డబ్బాలో సియాన్ అంటే పీబీ 15:3, అదే థాలో బ్లూ. ఆర్టిస్ట్ ట్యూబుల మీద ఈ కోడ్ ఉంటుంది. మజెంటా కావాలంటే పీఆర్ 122 చూసుకోండి, పీవీ 19 అయినా పర్వాలేదు. ఇవి రెండూ ఎండకి బాగా నిలుస్తాయి. పాత క్రిమ్సన్లు చాలా వరకు నిలవవు.

ఇంకో గందరగోళం కంప్యూటర్ వాళ్లది. తెరమీద ఎరుపు, ఆకుపచ్చ వెలుగులు కలిస్తే పసుపు వస్తుంది. అది వెలుగు వెలుగుకి తోడయ్యే లెక్క, రంగుపొడి లెక్క కాదు. శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో ఫ్లెక్స్ షాపుకి తెరమీద ధగధగలాడే నీలం ఫైల్ పట్టుకెళ్లి, ప్రింట్‌లో ఊదాగా వచ్చిందని గొడవపడతారు. ఆర్‌జీబీలో (తెరమీది ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగుల లెక్కలో) 0, 0, 255 అన్న నీలం ఇంకులో పుట్టదు. ఫైల్‌ని సీఎంవైకేలోకి (పైన చెప్పిన నాలుగు ఇంకుల లెక్కలోకి) మార్చి, మజెంటాని సియాన్ కంటే బాగా తగ్గిస్తే (సియాన్ 100, మజెంటా 60 దగ్గర మొదలుపెట్టండి) నీలం నీలంగా ఉంటుంది.

ఇంకో మాట. శ్రీకాకుళంలో 1921లో పుట్టిన వడ్డాది పాపయ్యగారి చందమామ కవర్లు చూసి రంగులు ఎత్తేవాళ్లు చాలామంది ఉన్నారు. మంచిదే. కానీ నెట్‌లో తిరిగే స్కాన్లలో కాగితం పసుపెక్కి ఉంటుంది, ఇంకు వెలిసి ఉంటుంది. మీరు చూస్తున్న నీలం ఆయన వేసిన నీలం కాదు. అందులోంచి హ్యూ నేర్చుకోకండి. లేత ముదురుల అమరిక నేర్చుకోండి, అది స్కాన్‌లో కూడా చాలావరకు బతికే ఉంటుంది.

వంశధార_వాష్:

ఆఫ్‌సెట్ గారూ, మీ మాట నిజమే. ఎర్రటి మచ్చని అరనిమిషం తదేకంగా చూసి తెల్లగోడ మీదికి చూపు తిప్పితే తేలే నీడరంగు కూడా పాత వీల్ చెప్పే ఆకుపచ్చ కాదు, సియాన్‌కి దగ్గర. కానీ ఈ అమ్మాయి పరీక్షకి ఎరుపు, పసుపు, నీలం పద్ధతే గియ్యాలి. స్కూళ్లలో ఎక్కువగా కనిపించే పన్నెండు గళ్ల వీల్ జొహానెస్ ఇట్టెన్ పద్ధతిది. ఆయన 1919 నుంచి 1923 వరకు జర్మనీలో బౌహౌస్ అనే కళల బడిలో పాఠం చెప్పినాయన. అది కొలబద్ద కాదు, గుర్తుపెట్టుకోవడానికి పనికొచ్చే అమరిక. పరీక్ష అయ్యాక ఒక మజెంటా ట్యూబు కొనుక్కుని అల్ట్రామెరైన్‌తో కలిపి చూస్తే తేడా తనకే తెలుస్తుంది.

పొందూరు_పత్తి:

చాలా చాలా థాంక్స్ అండీ. క్రిమ్సన్, అల్ట్రామెరైన్‌తో ఊదా వచ్చింది! ఇంకో రెండు సందేహాలు. డిజైన్ ప్రాక్టీసులో ఎర్ర నేల మీద బూడిదరంగు పువ్వులు వేశాను, అవి ఆకుపచ్చగా కనిపిస్తున్నాయి. అదే బూడిద తెల్లకాగితం మీద మామూలుగానే ఉంది. రెండోది, రాత్రి బల్బు కింద కలిపిన పసుపు, నీలాలు పొద్దున చూస్తే వేరేగా ఉంటున్నాయి.

మందస_కొండ:

బూడిద మారలేదమ్మా, పక్కనున్న ఎరుపు దాన్ని అలా చూపిస్తన్నాది. ఏ రంగు పక్కన ఏది పెట్టినా, కన్ను దానికి మొదటిదాని ఎదురు రంగు అంటిస్తాది. ఎర్ర నేల మీద బూడిద కాస్త ఆకుపచ్చగా, నీలం మీద కాస్త నారింజగా అవుపిస్తాది. దీన్ని శాస్త్రంగా రాసినాయన షెవ్రోల్, ప్యారిస్‌లో గోబెలాన్ అద్దకం శాలకి పెద్ద. అక్కడ నల్లనూలు వెలిసినట్టుందని ఫిర్యాదులొస్తే, రంగులో లోపం నేదు, పక్కనున్న నీలం, ఊదా నూళ్లవల్లే అలా అవుపిస్తన్నాదని తేల్చినాడు. పుస్తకం 1839లో వచ్చింది. నేతూళ్లలో ఉన్నోళ్లకి ఇది కొత్తేటి కాదు, ఒకే నూలు అంచు రంగు మారితే చీర ఒంట్లో వేరేలా ఉంటాది.

సరిచెయ్యడం ఎలాగంటే, ఆ బూడిదలో నేల రంగునే కొంచెం కలుపు. ఎర్ర నేల అయితే బూడిదలో స్కార్లెట్ ఇరవయ్యో వంతు. అప్పుడు మామూలు బూడిదలా అవుపిస్తాది. లేదంటే పువ్వు చుట్టూ నల్లగీతో, తెల్లగీతో గియ్యి, రెండు రంగులూ ఒకదాన్నొకటి తగలకపోతే ఈ గోల చాలావరకు తగ్గుతాది. పువ్వుకీ నేలకీ వాల్యూ ఒకటే అయితే అంచు అదిరినట్టుంటాది, దాన్నీ చూసుకో. కెమెరా బ్లాక్ అండ్ వైట్‌లో పువ్వు మాయమైపోతే ఆ తప్పు ఉన్నట్టే.

డిజైన్‌లో ఎదురు రంగులు వాడితే విస్తీర్ణం కూడా చూడాలి. జర్మన్ కవి గెటే చెప్పిన వెలుగు లెక్కలో పసుపు 9, నారింజ 8, ఎరుపు 6, ఆకుపచ్చ 6, నీలం 4, ఊదా 3. ఎక్కువ వెలిగేది తక్కువ చోట పెట్టాలి కాబట్టి విస్తీర్ణం తిరగేసి పంచాలి. పసుపుకి ఒక పాలు, ఊదాకి మూడు పాళ్లు. నారింజకి ఒకటి, నీలానికి రెండు. ఎరుపు, ఆకుపచ్చ సమానం. ఇది పూర్తి క్రోమా ఉన్న రంగులకే పనికొస్తాది, తెలుపు గానీ నలుపు గానీ కలిపితే లెక్క మారిపోద్ది. చట్టం అనుకోకు, చిన్న చిన్న అమరికలకి చేతికర్ర అనుకో.

బల్బు సంగతి సులువు. పసుపచ్చటి ఎల్‌ఈడీ 2700, 3000 కెల్విన్ ఉంటాది. కెల్విన్ అంటే వెలుగు ఎంత పసుపు, ఎంత తెలుపు అన్న కొలత. దాని కింద నీలం చచ్చిపోద్ది, లేత పసుపుకీ తెలుపుకీ తేడా తెలీదు. దాంతో నువ్వు పసుపు, నీలం ఎక్కువేసేస్తావు. 5000 నుంచి 6500 కెల్విన్ బల్బు, అట్టపెట్టె మీద సీఆర్‌ఐ (రంగుల్ని ఎంత నిజంగా చూపిస్తాదో చెప్పే అంకె) 90కి పైన ఉన్నది తీసుకో. కెల్విన్ ఒకటే చూసి కొనకు. తెల్లటి బల్బులు కూడా సీఆర్‌ఐ తక్కువైతే ఎరుపుల్ని చంపేస్తాయి. అన్నిటికంటే ఉత్తరం కిటికీ పగటి వెలుగు మేలు, ఎండ నేరుగా పడదు, గంట గంటకీ అంతగా మారదు. రాత్రి కలపాలే అనుకుంటే గ్రే స్కేల్, గీతలు వేసుకో, రంగులు పొద్దున వేసుకో.

ఎలాగూ నీ ప్రశ్నల్లో ఆకుపచ్చ మాట కూడా వచ్చింది కాబట్టి ఇదీ చెప్పేస్తాను. మన ఉద్దానం తోటలు వేసేటప్పుడు శాప్ గ్రీన్ సీసా నేరుగా పులమొద్దు. కొబ్బరాకు ఎండలో పసుపు, పై మెరుపులో ఆకాశం నీలం పట్టుకుంటాది. వెలుగుకి లెమన్ ఎల్లో, ప్రష్యన్ బ్లూ, తెలుపు. నీడకి శాప్ గ్రీన్‌లో అల్ట్రామెరైన్, బర్న్ట్ సియెన్నా. సరుగుడు తోట వేరే, దూరం నుంచి అది ఆకుపచ్చకంటే బూడిదకి దగ్గర. నువ్వు మాసిపోయిందన్న క్రోమ్ ఎల్లో, అల్ట్రామెరైన్ మిశ్రమమే దానికి సరిగ్గా సరిపోద్ది, కాస్త తెలుపుతో. మందసవైపు నుంచి మహేంద్రగిరి చూస్తే ఆకుపచ్చన్నదే ఉండదు. దూరం పెరిగేకొద్దీ గాలి నీలాన్ని చెదరగొట్టి మధ్యలో పరుస్తాది, కొండ నీడ లేతబడి నీలిగా తిరుగుతాది. అల్ట్రామెరైన్, క్రిమ్సన్ చుక్క, మిగతాదంతా తెలుపు. దగ్గర చెట్టుకి వేసిన ముదురు ఆకుపచ్చని దూరపు కొండకి వేస్తే కొండ నడిచొచ్చి చెట్టు పక్కన నిలబడిపోద్ది.

బొబ్బిలి_బ్రష్:

ఒకటి మర్చిపోయాను. వానల్లో సీసా మూత తియ్యగానే పులిసిన వాసన వచ్చినా, పైన తెల్లటి బూజు కనిపించినా ఆ రంగు వాడొద్దు, జిగురు చెడిపోయి ఆరాక పొడిలా రాలుతుంది. సీసాలోకి వాడిన బ్రష్ ముంచకుండా, చెంచాతోనో పుల్లతోనో తీసి పలకలో వేసుకోండి. బాగున్న సీసాలో లవంగనూనె ఒక్క చుక్క వేసి కలిపి మూత బిగిస్తే బూజు చాలావరకు రాదు. రెండో చుక్క వేస్తే మాత్రం కాగితం మీద రంగు జారి ముత్యాల్లా నిలబడుతుంది.